కుడివైపు పక్షపాతం

నేను ఒక వాల్యూం కంట్రోల్‌ని. బొటనవేలంత ఉంటాను. నా పొట్టలో రెండు నల్లటి కార్బన్ పట్టీలుంటాయి, ఒకటి ఎడమచెవికి, ఒకటి కుడిచెవికి. నా కాడ తిప్పితే రెండుపక్కలా పాట సమానంగా పెరగాలి. అది మా జాతి ధర్మం. నేను పుట్టుకతోనే ధర్మం తప్పాను. ఫ్యాక్టరీలో ఎడమ పట్టీకి పూత ఎలా పడిందో ఏమో, మొదటి పావు తిప్పులో కుడిపక్క గట్టిగానూ, ఎడమపక్క నీరసంగానూ పలుకుతాను. పరీక్ష చేసే ఆవిడ ఆ కాసేపూ పక్కావిడతో ఆవకాయ కొలతలు మాట్లాడుతోంది కాబట్టి పాసైపోయాను. ఆ తల్లి చల్లగా ఉండాలి.

గుంటూరులో ఒక కొట్లో అట్టపెట్టెలో పడి ఉండగా హైమ నన్ను కొన్నది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసుకునే మనిషి. వాళ్ల నాన్న కోటిలింగం గారు పేరున్న సన్నాయి విద్వాంసుడు. ఆయన తన కచేరీల పాత క్యాసెట్లు హెడ్‌ఫోన్‌లో వినేందుకని చిన్న యాంప్లిఫయరు తయారుచేస్తోంది. అన్నీ కుదిరాయి, వాల్యూం కంట్రోల్ తప్ప.

ముందు నున్నగా తిరిగే విదేశీ సరుకు బిగించింది. “ఎడంపక్క గట్టిగా ఉందమ్మాయ్, కుడిపక్క నీరసం” అన్నారాయన. అది తీసేసి, మెట్టుమెట్టుకీ టక్కుమనే స్విచ్చు పెట్టింది. “ఇదీ అంతే.” మూడోది రిమోట్‌తో పనిచేసే దొరబాబు. ఆ దొరబాబుకీ అదే మాట పడింది. మీటరు పెట్టి చూస్తే ముగ్గురూ రెండుపక్కలా సమానమే! హైమ మీటరునే అనుమానించింది. వెంట్రుకవాసి అపశ్రుతిని పట్టేసే చెవిని కన్నకూతురు ఎలా అనుమానిస్తుంది? మనుషులు మమ్మల్ని తేలిగ్గా దోషుల్ని చేస్తారు, మేం ఎదురు చెప్పలేం కదా.

ఓ మధ్యాహ్నం కోటిలింగం గారు ఒంటరిగా కూర్చుని, ముందు కుడిచెవి దగ్గర, తర్వాత ఎడమచెవి దగ్గర చిటికెలు వేసుకోవడం బల్ల మీంచి చూశాను. ఆ ముఖంలో భయం చూసి నాకు జాలేసింది. వాద్యగాడికి చెవి పోయిందంటే ఇక మిగిలేదేముంది?

చివరికి హైమ విసుగెత్తి నన్ను బిగించింది. ఆయన నా కాడను పావు మాత్రమే తిప్పారు. అంతకు మించితే ఆ యాంప్లిఫయరు చెవులకు చిల్లులు పొడుస్తుంది. ఆయన ముఖం వెలిగిపోయింది.

“ఇదీ! ఇప్పుడు సరిగ్గా ఉంది. నా చెవికేం కాలేదమ్మాయ్!”

జన్మలో మొదటిసారి నన్నొకరు మెచ్చుకున్నారు. హైమ మాత్రం మీటరు పెట్టి చూసింది. కుడి ఎక్కువ. మళ్లీ చూసింది. లోపం ఎక్కడుందో ఆమెకు అర్థమైపోయింది. మీటరు సంచిలో పెట్టేసింది.

ఆదివారం పానకాలు గారు వచ్చారు. కోటిలింగం గారి బావమరిది, ముప్ఫై ఎనిమిదేళ్లు ఆయన పక్కన డోలు వాయించిన మనిషి. తొలి పెళ్లిమేళంలో డోలు సన్నాయికి కుడిపక్కన కూర్చుంటే పేరొచ్చిందట. అచ్చొచ్చిందని ఆ తర్వాత ఎన్నడూ పక్క మార్చలేదు.

“మన చీరాల కచేరీ, ఇనరా” అంటూ కోటిలింగం గారు ఆయనకు హెడ్‌ఫోన్ తగిలించారు.

“ఏంది బావా, ఎడంపక్క అసలు ఇనపడట్లా! ఈ డబ్బా చెడిపోయింది.”

“నాకు దివ్యంగా ఉందే!”

హైమ ముందుకొచ్చి, మామయ్య తల మీది హెడ్‌ఫోన్‌ను కుడి ఎడమలు తిరగేసి పెట్టింది.

“ఆఁ, ఇప్పుడు రెండుపక్కలా ఇనపడతంది!”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముప్ఫై ఎనిమిదేళ్లు డోలు మోత ఈయన కుడిచెవిలో, సన్నాయి హోరు ఆయన ఎడమచెవిలో పోసుకున్నారు మరి.

“అయితే నా చెవి తినేసింది నువ్వన్నమాట” అన్నారు కోటిలింగం గారు మెల్లగా.

“నాది నువ్వు తిన్లా?”

ముందు పానకాలు గారు నవ్వారు. తర్వాత కోటిలింగం గారూ నవ్వారు, కళ్లు తుడుచుకుంటూ.

“రేపు ఇద్దర్నీ చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. దీంట్లో లోపముంది నాన్నా, మార్చేస్తాను” అంది హైమ.

ఆయన అరచేత్తో నన్ను మూసేశారు. “డాక్టరు దగ్గరికి వస్తాం. దీని మీద మాత్రం చెయ్యి వేశావంటే ఊరుకోను.”

దొరబాబు ఇప్పుడు సొరుగులో ఉన్నాడు, రిమోట్‌తో సహా. నేను ఇక్కడే ఉన్నాను. ప్రతి ఆదివారం హెడ్‌ఫోన్ బావ తల మీంచి బావమరిది తల మీదికి తిరగబడి వెళుతుంది.