కందికట్టెల బూడిద

జహీరాబాదు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే భాగీరథికి పట్టుదల ఎక్కువని ఊళ్ళో అందరికీ తెలుసు. కొందరు దాన్ని పొగరు అనేవారు. ఆ రెండు మాటలకూ ఆమెకు పెద్ద తేడా కనిపించేది కాదు. మూలన పడ్డ స్టోరు గదిని లేబొరేటరీ చేసుకుని, రోజంతా పాఠాలు చెప్పి, మిగిలిన పొద్దులో పరిశోధన చేసే మనిషికి ఆ మాత్రం లేకపోతే ఎప్పుడో చాప చుట్టేసేది.

ఆమె పట్టుకు కూర్చున్నది ఒక అణువును. నీళ్ళలో కరిగి ఉన్న లోహాల్లోంచి ఒక్క పొటాషియాన్నే పట్టుకుని, మిగతావాటిని పొమ్మనే అణువును తన చేత్తో తయారు చేయాలని. మనం తినే ఉప్పులోని సోడియం, ఈ పొటాషియం అన్నదమ్ముల వంటివి. గుణాలన్నీ ఒకటే, పొటాషియం కాస్త బొద్దు, అంతే. పై దేశాలవాళ్ళు అప్పటికే ఉంగరాల్లాంటి అణువులు, పంజరాల్లాంటి అణువులు చేసి పొటాషియాన్ని పట్టారు. వాటిలో సోడియం కూడా అంతో ఇంతో దూరేది. అంతో ఇంతో అన్న మాట భాగీరథికి గిట్టదు. దారి దొరికింది మాత్రం ఇంట్లోనే, అత్తగారు మహాదేవమ్మ మెడలో. ఆమె మెడలోని వెండి లింగకాయలో, ఆ చిన్న డబ్బీలో, ఇష్టలింగం అటూ ఇటూ కదలదు. కాయ దాని కొలతకే చేసి ఉంటుంది, మూతతో సహా. అణువుకూ అలాంటి మూత బిగించాలనుకుంది భాగీరథి. బిగించేసరికి ఏళ్ళు పట్టింది.

ఎనభై మూడు వేసవిలో ఆమె గైడు ప్రొఫెసర్ ఇంద్రసేన హైదరాబాదు నుంచి పని చూడటానికి వచ్చాడు. ఆయన సంతకం లేనిదే థీసిస్ గడప దాటదు. వానాకాలంతో గడువు కూడా తీరిపోతుంది. భాగీరథి రెండు గాజుసీసాలు ఆయన ముందు పెట్టింది. రెండింట్లోనూ అడుగున క్లోరోఫాం, అందులో ఆమె అణువు. పైన పసుపు రంగు కలిపిన నీళ్ళు. ఒక సీసా నీళ్ళలో పొటాషియం, రెండోదాంట్లో సోడియం. సీసాను కుదిపితే, అణువు తనకు కావలసిన లోహాన్ని పట్టుకుని కిందికి తెచ్చుకుంటుంది. పసుపు రంగు దాని వెంటే దిగుతుంది. అంటే మొదటి సీసాలో రంగు దిగాలి, రెండోదాంట్లో దిగకూడదు.

మొదటి సీసాలో దిగింది. రెండోదాంట్లోనూ దిగింది.

భాగీరథి మళ్ళీ కుదిపింది. పసుపు కిందే ఉంది, పైకి రానంటే రానంది. ఇంద్రసేన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇది ఏరుకునే అణువు కాదమ్మా, దొరికిందల్లా మింగే అణువు" అన్నాడు. ఇన్నేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరైందని జాలిపడ్డాడు కూడా. ఊరి కాలేజీకి ఇంత పెద్ద పని ఎందుకు, ఇక్కడి బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎంతుందో కొలిచి రాసుకో, గడువు నేను పెంచి ఇప్పిస్తాను అన్నాడు. ఆయన మంచి మనసుతోనే చెప్పాడు, అదే ఇంకా మండించింది. భాగీరథికి ఏడుపు రాలేదు. కాలేజీ గేటు దాకా ఆయన్ను సాగనంపి, వచ్చి, తలుపు వేసుకుని, ఆ సీసా వైపు కొట్టేటట్టు చూసింది.

ఇంటికి వెళ్ళేసరికి మహాదేవమ్మ కోడలి ముఖం చూసి సంగతి గ్రహించింది. ఆ వేసవి కాలేజీ బోరు ఎండిపోయింది. గాజుసామానంతా గంపలో పెట్టుకుని ఇంటి బావి దగ్గరికి తెచ్చి కడగాల్సి వస్తోంది. కోడలు కాలేజీ నుంచి అలసి వస్తుందని ఆ కడిగే పని అత్తగారు తన మీద వేసుకుంది. ఇప్పుడు ఆమెకు భయం పట్టుకుంది, కడగడంలో తన వల్ల ఏమైనా లోపం జరిగిందేమోనని.

"రోజు ఉత్త నీళ్ళతోనె కడుగుత, పట్నం సారు వస్తుండని ఈపారి రెండుమాట్ల తోమిన బిడ్డా. ఇత్తడి చెంబుల లెక్క మెరిసినయి" అంది.

"దేంతోని తోమినవ్ అత్తమ్మా?"

"ఇంక దేంతోని? పొయ్యిల బూడిద. కందికట్టెలది, మెత్తగుంటది."

భాగీరథి గంపలోంచి ఒక సీసా తీసి మూతి వేలితో తడిమింది. బూడిదలో పొటాషియం ఉంటుందని ఏటా పిల్లలకు పాఠం చెప్పేది తనే. సీసాలను చివర్న బ్యాటరీల దుకాణం నుంచి తెచ్చిన డిస్టిల్డ్ వాటర్‌తో కడుక్కునేదే కానీ, బిరడా బిగిసే సీసా మూతి గరుకు అంచులో ఇరుక్కున్న బూడిదను గమనించలేదు. ఆ చిటికెడు కూడా లేని పొటాషియాన్ని అణువు వెతికి పట్టుకుంది. అన్నిటినీ మింగలేదు. అంత సోడియం మధ్య కూచుని, తనవాణ్ణి ఏరుకుంది.

అనుకుంటే చాలదు, చూడాలి. మర్నాడు ఇంకా పెట్టె విప్పని కొత్త సీసా తీసి, డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేదీ తగలనీయకుండా కడిగి, అడుగున తన అణువు, పైన సోడియం నీళ్ళు పోసి కుదిపింది. పసుపు పైనే నిలిచింది. ఎంత కుదిపినా కిందికి చుక్క దిగలేదు. భాగీరథి ఆ స్టోరు గదిలో ఒంటరిగా నవ్వింది, వెంటనే కోపం కూడా వచ్చింది. దొరికిందల్లా మింగే అణువట!

పట్నం బయల్దేరుతూ ఆమె కాగితంలో పొయ్యి బూడిద పొట్లం కట్టుకుంటుంటే మహాదేవమ్మ చెయ్యి పట్టుకుంది. తప్పు తనదని చెప్పుకోమంది, ముసలిదానికి తెలియక చేసిందని చెప్తే సారు క్షమిస్తాడని నచ్చజెప్పింది. "గా బూడిద తీస్కపోతె నవ్వుతరు బిడ్డా."

"నవ్వనియ్యి. నువ్వు తప్పు చెయ్యలే అత్తమ్మా, ఇంట్ల గిన్నెలు కడిగినట్టె కడిగినవ్" అని భాగీరథి బస్సెక్కింది.

ఇంద్రసేన గదిలో ఆమె ఆయన సీసాలే అడిగి తీసుకుంది, ఆయన మనుషులు కడిగినవే. సోడియం నీళ్ళు పోసి కుదిపింది. పసుపు పైనే ఉంది. ప్రొఫెసర్ ముందుకు వంగాడు. భాగీరథి పొట్లం విప్పి, అదే సీసాలో చిటికెడు బూడిద వేసి మళ్ళీ కుదిపి బల్ల మీద నిలబెట్టింది. పసుపు కిందికి దిగి, పైన నీళ్ళు తేరుకున్నాయి.

అప్పుడు చెప్పింది, ఆ రోజు ఏం జరిగిందో, ఎవరు కడిగారో, దేంతో కడిగారో. ఇంద్రసేన సీసాను తనే మళ్ళీ కుదిపి చూశాడు. బాగుంది, చాలా బాగుంది అన్నాడు. సంతకం పెడతానన్నాడు. పెన్ను మూత తీసి ఆగాడు. ఆ బూడిద సంగతి మాత్రం తీసేయమన్నాడు. కొని తెచ్చిన పొటాషియం కార్బొనేట్ అని రాస్తే సరిపోతుంది, విఫలమైన మొదటి ప్రయోగం ఊసే వద్దు. పొయ్యి, అత్తగారు, అంట్లు తోమడం ఇవన్నీ బయటి పరీక్షకులు చదివితే యూనివర్సిటీ పరువు ఏం కావాలి?

భాగీరథి ఆయనతో ఎప్పుడూ పుస్తకం భాషే మాట్లాడేది. ఆ వేళ ఇంటి భాషే వచ్చింది.

"అది ఫెయిల్ కాలే సార్. నేను అడగకముందే నా అణువు నిజం చెప్పింది. మనిద్దరికె అర్థం గాలే. గా ముచ్చట తీసేస్తె ఈ థీసిస్‌ల నిజమనేది ఏముంటది?"

"అయితే సంతకం కష్టం."

"కష్టమైతె పెట్టకున్రి. బూడిద పేరు మాత్రం కొట్టెయ్య."

గడువు తీరితే అన్నేళ్ళ చాకిరీ గంగలో కలిసినట్టే, ఆ సంగతి ఆయన కంటే ఆమెకే బాగా తెలుసు. అయినా కాగితాలు సర్దుకుని లేచింది. సీసా మాత్రం బల్ల మీదే వదిలేసింది.

"ఇది తీసుకెళ్ళు" అన్నాడు ఇంద్రసేన.

"ఉండనియ్యున్రి. పసుపు కిందికెందుకు దిగిందని ఎవరన్న అడుగుతరు. ఏం చెప్తరో మీరే చెప్పున్రి."

ఆమె తలుపు దాకా వెళ్ళింది. వెనక కుర్చీ కిర్రుమంది. ఆయన సీసాను కిటికీ వెలుగుకు ఎత్తి చూస్తున్నాడు. కెమిస్టు కదా, అబద్ధం చెప్పడానికి నోరు రాలేదేమో. దించి, కాగితాలివ్వమని చెయ్యి చాచాడు. సంతకం చేసి, తల ఎత్తకుండానే, ఉత్త బూడిద అంటే చాలదు, ఏ కట్టెల బూడిదో రాయాలి, ఒక్కో కట్టెలో పొటాషియం ఒక్కో పాళ్ళలో ఉంటుంది అని గొణిగాడు.

"రాసిన సార్" అంది భాగీరథి. "కందికట్టెలు. మా పొయ్యిలయి. కడిగింది మహాదేవమ్మ అని గూడ రాసిన."