ఎర్రచుక్క పెట్టిన స్లైడు

ప్రొజెక్టరు పక్కన నిలబడి ఉన్నాను, చేతిలో స్లైడు ఉంది, తెర దగ్గర వీరేశం సార్ నాకోసం ఎదురుచూస్తున్నారు, ఆయన పోయి పదకొండేళ్ళయిందని నాకు తెలుసు, అయినా క్లాసుకి ఆలస్యం చేశానన్న కంగారే ఎక్కువగా ఉంది. మా ఆర్ట్స్ కాలేజీ గదే ఇది, కానీ బెంచీల మధ్య నుంచి సిటీ బస్సులు పోతున్నాయి, ఎవరూ పట్టించుకోవడం లేదు.

"క్యూబిజం పెట్టు, స్వరూపా," అంటారు సార్.

పెడతాను. బల్ల మీద సీసా, ముక్కలైన వయొలిన్. సీసా ఎడమవైపు ఉంది. ఉండకూడదు. తీసి తిప్పి పెడతాను, మళ్ళీ ఎడమే. ఏ వైపు పెట్టాలో తెలియడానికి స్లైడ్ల అట్టచట్రాల మీద ఎర్ర గోళ్ళరంగుతో చుక్కలు పెట్టింది నేనే, రెండో ఏడాది చదివేటప్పుడు. ఈ ఒక్కదానికి పొరపాటున వెనకవైపు పెట్టాను. వస్తువుల్ని ముక్కలుగా గీసే క్యూబిజం కదా, ఎటు తిప్పినా ఎవరికీ అనుమానం రాలేదు. ఆ తిరగబడ్డ బొమ్మతోనే సార్ ఇరవై ఏళ్ళు పాఠం చెప్పారు, ఎడమనున్న సీసాయే బొమ్మ బరువంతా మోస్తోందని వ్యాసం కూడా రాశారు. అసలు బొమ్మ నేను పుస్తకంలో చూసిననాటికి ఆయన బతికే ఉన్నారు. భయపడి చెప్పలేదు.

"ఇంప్రెషనిజం దాంక మంచిగనే వచ్చినం గదమ్మా," అంటారు సార్, వాచీ కుడిచేతికి ఉంది, చొక్కా జేబూ కుడివైపే ఉంది, "ఈడికొచ్చినంక ఏందో తేడా కొడ్తుంది."

"సార్, పొద్దున మీ వ్యాసాలు ప్రెస్సుకి పోతున్నాయి."

"పుస్తకం మీద పేరు నాది పెడ్తవు. తప్పు ఎవరిదని పెడ్తవు?"

చెప్పాలని నోరు తెరుస్తాను, ఈలోగా బస్సొకటి మా మధ్య ఆగుతుంది, సార్ ఎక్కుతూ బొటనవేలు చూపిస్తారు, అది ఎర్రగా, తడిగా ఉంది.

"ఇంకా ఆరలేదమ్మా."

మెలకువ వచ్చేసరికి బారెడు పొద్దెక్కింది. సార్ వ్యాసాల ప్రూఫులు మంచం మీదే ఉన్నాయి, పదింటికి ప్రెస్సు మనిషి వస్తాడు. సార్ చేతిరాత నోట్సు తీసి ఆ పేజీ తెరిచాను. సీసా వాక్యం పక్కన ఎర్రటి వేలిముద్ర ఉంది. ఇన్నాళ్ళూ కుంకుమ అనుకున్నాను. గోటితో గీకితే పెచ్చుగా లేచింది, గోళ్ళరంగు. నా చుక్క ఆరకముందే సార్ దాన్ని నమ్మి రాసేశారు.

పెన్ను తీసి ప్రూఫులో 'ఎడమ' కొట్టేశాను. పేజీ అడుగున, తప్పు నాదని, నా పేరుతో సహా రాశాను.