ఫ్రిజ్ వెనక నా కాపురం

మీరు నన్ను చూసి ఉండరు. ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య, బొద్దింకలకు తప్ప మరెవరికీ తెలియని సందులో ఉంటాను. నేను ఒక నీళ్ల ఫిల్టర్ని. ఐసు తయారుచేసే ఫ్రిజ్‌లోకి పోయే నీళ్లు ముందు నన్ను దాటుకుని వెళ్లాలి. తెల్లటి ప్లాస్టిక్ ఒళ్లు, కడుపులో కొబ్బరి చిప్పలు కాల్చి చేసిన బొగ్గు, ఒంటిమీద నీళ్లు ఎటు పారాలో చెప్పే బాణం గుర్తు. నేను చదువుకున్నదల్లా ఆ బాణమే.

హైదరాబాదు శివార్లలోని ఒక ఫ్యాక్టరీలో పుట్టి, అట్టపెట్టెలో తెనాలి చేరాను. అక్కడి షాపులో కూర్చుని మనుషుల్ని గమనిస్తూ ఉండేదాన్ని. ఫోను కొనడానికి వచ్చినవాళ్లు పూటంతా ఆలోచిస్తారు. నోట్లోకి పోయే నీళ్ల సంగతి వచ్చేసరికి మాత్రం "ఏదో ఒకటి ఇవ్వవయ్యా" అంటారు.

కరుణమ్మ అలా అనలేదు. నన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "ఇది పెడితే ఐసుకి ఆ మందు వాసన పోతుందా బాబూ?" అని అడిగిందే అడిగింది. షాపతను పోతుందన్నాక కూడా నమ్మకం కుదరనట్టు నిలబడింది. ఆవిడ భయం నాకు తర్వాత అర్థమైంది.

ఆవిడ భర్త దావీదు ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరైన మనిషి. రెండు మూత్రపిండాలూ పాడై డయాలసిస్ మీద ఉన్నాడు. డాక్టరు ఆయన తాగే నీళ్లకు కొలత పెట్టాడు. ఎండాకాలం తెనాలిలో, అన్నేళ్లు ఇంజను పక్కన కూర్చుని చెంబులకు చెంబులు తాగిన మనిషికి ఆ కొలత ఏం సరిపోతుంది? కరుణమ్మ మిషను మీద జాకెట్లు కుట్టుకుంటుంటే ఈయన పిల్లిలా వంటింట్లోకి వెళ్లి పంపుకింద నోరు పెట్టేవాడు. ఒకసారి అలా తాగీ తాగీ, ఒళ్లంతా నీరు పట్టి, ఊపిరాడక ఆసుపత్రిలో పడ్డాడు. అప్పుడు డాక్టరు, "దాహం ఆగకపోతే ఐసుముక్క చప్పరించండి. అదీ కొలతలోకే వస్తుంది సుమా" అన్నాడు. బదిలీ మీద వెళ్లిపోతున్న పొరుగింటి వాళ్ల దగ్గర ఈ ఐసు ఫ్రిజ్ కొన్నారు. తీరా చూస్తే ఐసునిండా బ్లీచింగ్ పౌడరు వాసన. దావీదు ఒక ముక్క నోట్లో వేసుకుని, వెంటనే ఊసేసి, మళ్లీ పంపువైపే చూశాడు. ఆ చూపు చూసే కరుణమ్మ షాపుకి వచ్చింది.

ఫోన్ చేసినప్పుడల్లా మెకానిక్ "రేపొస్తానమ్మా" అన్నాడు. చివరికి దావీదే లేచాడు.

"బస్సు ఇంజను విప్పి బిగించినవాణ్ణి. ఈ గొట్టం ముక్కకి మెకానిక్కా?"

ఫ్రిజ్ ప్లగ్గు తీశాడు. గోడ దగ్గర నీళ్ల వాల్వు కట్టేశాడు. నీళ్లొచ్చే సన్నటి గొట్టాన్ని వంటింటి కత్తితో కోసి, నన్ను మధ్యలో గుచ్చాడు. బాణం గోడకేసి చూస్తోంది. నాకు నోరుంటే చెప్పేదాన్ని.

"ఏవండీ, ఆ బాణం ఫ్రిజ్ వైపు కదా ఉండాలి?" అంది కరుణమ్మ.

"నాకు తెలుసులే. ఊరికే పట్టుద్దో లేదో చూస్తున్నా," అని తిప్పిపెట్టాడు. మగవాళ్లు తప్పు దిద్దుకునే పద్ధతి ఇదేనని అప్పుడే తెలుసుకున్నాను.

వాల్వు తిప్పగానే గొట్టం ఊడి నీళ్లు ఆయన మొహాన చిమ్మాయి. కరుణమ్మ తన బట్టల కత్తెర తెచ్చి, వంకరగా తెగిన గొట్టం చివర్లు రెండూ తిన్నగా కత్తిరించింది. ఈసారి చుక్క కారలేదు.

కొత్త ఫిల్టరు పెట్టాక మొదటి నీళ్లు పారబొయ్యాలి. నా రెండో పక్క గొట్టాన్ని ఫ్రిజ్ నుంచి ఊడదీసి బకెట్టులో వదిలారు. మొదట బొగ్గుపొడితో నల్లగా, తర్వాత బూడిదరంగులో, ఆ తర్వాత తేటగా వచ్చాయి. దావీదు పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు. నీళ్లు తేటపడేకొద్దీ ఆయన ముందుకు వంగాడు. గొంతు ఒక్కసారి పైకీ కిందకీ కదిలింది. చెయ్యి ధారవైపు కాస్త జరిగింది.

కరుణమ్మ చూసింది. అరవలేదు, చెయ్యి పట్టుకోలేదు. కింద ఆయన పక్కనే చతికిలపడి, "మీరు లేచి వెళ్తే నేను చూసుకుంటా" అంది మెల్లగా.

"వద్దులే. ఉంటా," అన్నాడాయన. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. బకెట్టు నిండేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు. నా గుండా ఎన్నో బిందెల నీళ్లు పోయాయి గానీ, ఆ బకెట్టంత బరువైనవి మళ్లీ రాలేదు.

మర్నాడు తయారైన ఐసుముక్కను దావీదు నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. కరుణమ్మ భయం భయంగా, "ఎలా ఉందండీ?" అంది.

"ఏ వాసనా లేదు," అన్నాడు.

నా జన్మకు అంతకన్నా పెద్ద సన్మానం అక్కర్లేదు.

ఆ తర్వాత ఆయన పంపు జోలికి పోలేదు. ఫ్లాస్కులో ఐసు పోసుకుని డయాలసిస్‌కి వెళ్లి, నర్సునడిగి, పక్క మంచం ఖాదర్ వలీకి కూడా ఒక ముక్క పెట్టేవాడట. ఇద్దరూ ఎవరి ముక్క ఎక్కువసేపు నిలుస్తుందో పందెం వేసుకునేవాళ్లట. ఖాదర్ కొరికేస్తాడని ఇంటికొచ్చి చాడీలు చెప్పేవాడు.

నా కాలం తీరింది. లోపల మట్టి పేరుకుని ధార సన్నబడింది. కరుణమ్మ కొత్తదాన్ని తెచ్చింది. దావీదు నన్ను ఊడదీసి, పాత సామాన్ల వాడికి వేద్దామని పెరట్లోకి తెచ్చాడు. మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతోంది. ఖాళీ అయిందో లేదోనని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల ఇంకా కాసిని నీళ్లు గలగలమన్నాయి.

ఆయన ఒక్క క్షణం ఆగాడు. గుమ్మంలో కరుణమ్మ కూడా ఆగిపోయింది.

దావీదు నన్ను పైకెత్తి తన బట్టతల మీద బోర్లించాడు. నల్లటి చారికలు చెంపల మీదుగా బనీను దాకా కారాయి. "అయ్యో, అదేం పనండీ" అంటూ కరుణమ్మ తువ్వాలుతో పరిగెత్తుకొచ్చింది.

"తాగొద్దన్నాడు గానీ, తడవొద్దనలేదుగా ఆ డాక్టరు," అన్నాడు దావీదు.