తరువాయి తొమ్మిదో పేజీలో

రామచంద్రమూర్తి గారికి ఏ సంగతైనా నలుగురికీ చెప్పడమంటే మహా ఇష్టం. పూర్తిగా చదవడమంటే అంత ఇష్టం లేదు. పొదిలిలో ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇరవై రెండేళ్ళుగా జువాలజీ చెబుతున్నారు. అక్కడ ఆయన మాటకు తిరుగులేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, చిక్కంతా అక్కడే వచ్చింది.

ఊళ్ళో నెట్ సెంటర్లు కొత్తగా పుట్టుకొస్తున్న రోజులవి. జనవరిలో జరిగిన తల్లిదండ్రుల సమావేశానికి ఆయన ఒక పేపరు మొదటి పేజీ కత్తిరింపు పట్టుకొచ్చారు. గంటల తరబడి ఇంటర్నెట్‌కు అతుక్కుపోయే పిల్లల మెదళ్ళను ఎక్కడో విదేశంలో స్కాన్ తీసి చూశారట, కొన్నిచోట్ల పలచబడి కనిపించాయట. అది చదివి వినిపించి ఊరుకుంటే ఎవరికీ నష్టం ఉండేది కాదు. ఊరుకుంటే ఆయన రామచంద్రమూర్తి గారెలా అవుతారు? బోర్డు మీద మెదడు బొమ్మ గీసి, నుదుటి వెనక భాగాన్ని సుద్దముక్కతో గట్టిగా గీకి చూపించారు.

"ఎక్కడో ఎందుకు, మన సెకండియర్ షిరీన్ లేదూ? చాటింగులో పడి సాయంత్రం బస్సులు వదిలేస్తోంది. క్లాసు ఫస్టు పిల్ల అర్ధసంవత్సర పరీక్షల్లో మూడు సబ్జెక్టులు తప్పింది. లోపల జరుగుతున్నది ఇదీ" అన్నారు.

అందరూ వెనక్కి తిరిగి చూశారు. చివరి బెంచీలో షిరీన్, పక్కన వాళ్ళ నాన్న ఆదాం కూర్చుని ఉన్నారు.

ఆదాం మిరప రైతు. చదువుకోలేదు గనక చదువుకున్నవాళ్ళ మాట మారుమాట లేకుండా నమ్ముతాడు. నెట్ అంటే ఏమిటో తెలియకపోయినా, మెదడు పలచబడిందంటే మాత్రం బాగానే అర్థమైంది. మర్నాటి నుంచి షిరీన్ కాలేజీకి రాలేదు. చెడిన బుర్ర మీద చదువు రుద్దితే పిల్లకు పిచ్చెక్కుతుందని వాళ్ళ నాన్న హడలిపోయాడని తోటి పిల్లలు చెప్పారు. రామచంద్రమూర్తి గారు జాలిపడ్డారు. లోలోపల కాస్త గర్వపడ్డారు కూడా. తన మాటకు అంత బలం ఉందన్నమాట.

ఫిబ్రవరి చివర్లో ఒక ఆదివారం ఆయన భార్య కోటేశ్వరమ్మ బీరువా సర్ది, అరల్లో పాత పేపర్లు పరిచింది. చొక్కా కోసం తలుపు తీసిన ఆయనకు "మొదటి పేజీ తరువాయి" అన్న ముక్క కనబడింది. కింద అదే మెదడు, అదే వార్త. నిలబడే చదివారు. పరీక్షించింది కొద్దిమంది పిల్లల్నేనట. నెట్ వల్ల మెదడు అలా అయిందో, అలాంటి మెదడున్న పిల్లలే నెట్‌కు అతుక్కుపోతున్నారో ఇంకా తేలలేదట. ఆ వయసులో మెదడు ఎదుగుతూనే ఉంటుందనీ, పక్కన ఓపికగా కూర్చునే మనిషి ఉంటే అలవాటు నుంచి బయటపడొచ్చనీ చివర్లో ఓ డాక్టరు అన్నాడు.

ఆయన చెవులు వేడెక్కాయి. సగం వార్త చదివి, ఒక ఆడపిల్ల బుర్ర మీద తీర్పు చెప్పేశాడు తను. వచ్చే నెలలోనే పరీక్షలు. సిగ్గుతో ఆయనకు ఇంట్లో నిలవబుద్ధి కాలేదు. భోజనానికి పిలుస్తున్నా ఆగకుండా స్కూటరు తీశారు.

ఆదాం కళ్ళంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. కర్నూలు వైపు నుంచి వలస వచ్చిన కూలీలు వరసగా కూర్చుని తాలుకాయలు, అంటే రంగు పోయి తెల్లబారినవి, ఏరి పక్కన పడేస్తున్నారు. ఘాటుకు ముక్కు మీదుగా చున్నీ కట్టుకుని షిరీన్ కూడా వాళ్ళ మధ్య కూర్చుంది.

ఆదాం మంచం వాల్చాడు. ఆయన కూర్చోలేదు. అందరికీ వినబడేలా అన్నారు: "తప్పు నాది, ఆదాం గారూ. ఆ పేపరు నేను సగమే చదివాను. మీ అమ్మాయి మెదడు చెడిందనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు."

ఆదాం కంగారుగా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "మెల్లగా మాస్టారూ, కూలోళ్ళు వింటన్నారు. మీబోటోళ్ళు అట్టా అనగూడదు."

రామచంద్రమూర్తి గారికి తల ఎత్తబుద్ధి కాలేదు. తన పరువు కోసం ఈ మనిషి గొంతు తగ్గిస్తున్నాడు. ఆ రోజు వీళ్ళ పరువు తీయడానికి తను గొంతు పెంచాడు.

షిరీన్ చున్నీ తీసి లేచి వచ్చింది. నెట్ సెంటర్ మీదికి ఇప్పటికీ మనసు లాగుతోందని, కూర్చున్నా పడుకున్నా అదే ధ్యాసని దాచకుండా చెప్పింది. "నా బుర్ర పలచబడిందా లేదా సార్?"

"నాకు తెలీదమ్మా" అన్నారాయన. ఒక విద్యార్థితో ఆ మాట అనడం ఇరవై రెండేళ్ళలో అదే మొదటిసారి. మళ్ళీ కాలేజీకి రమ్మని, రోజూ సాయంత్రం దగ్గర కూర్చోబెట్టుకుని చదివిస్తానని, తనే బస్సెక్కిస్తానని చెప్పారు.

ఆదాం అప్పటికప్పుడే ఒప్పుకున్నాడు. షిరీన్ ఒప్పుకోలేదు. "నేనొస్తే అందరూ నా మొహం చూడరు సార్, నుదురు చూస్తారు."

తప్పు నాదేనని నలుగురిలో ఒప్పుకున్నాను కదమ్మా అని ఆయన నచ్చజెప్పబోయారు.

"ఈ కూలోళ్ళకి మీరెవరో కూడా తెలీదు. ఆ మాట కాలేజీలో చెప్తారా సార్?"

ప్రిన్సిపాలు, స్టాఫ్ రూము, రెండు వందల మంది పిల్లలు ఆయన కళ్ళ ముందు మెదిలారు. చెప్తాననే అన్నారు. కాని వెంటనే అనలేకపోయారు. ఆ కాస్త ఆలస్యాన్నీ షిరీన్ చూసింది. చూసి, చున్నీ మళ్ళీ ముక్కుకు కట్టుకుని కూలీల వరసలోకి వెళ్ళి కూర్చుంది.