బట్టల గదికి బయట గడియ

"మనమంతా ఇక్కడే ఉంటే, ఆ పిల్ల దగ్గర ఎవరున్నట్టు?"

టీవీ స్టూడియోలో మేకప్ కుర్చీలో కూర్చుని ట్వైలా పైకే అనేసింది. ముఖానికి పౌడరు అద్దుతున్న అమ్మాయికి ఏ పిల్లో తెలియదు. "కళ్ళు మూసుకోండమ్మా" అంది.

బ్రియెల్‌కి ఆరేళ్ళు. ట్వైలా కూతురు మిస్టీ కన్న పిల్ల. ఈ రెండు రోజులూ రాండీ అక్క దగ్గర ఉందట. రాండీ అంటే మిస్టీతో రెండేళ్ళుగా కలిసి ఉంటున్న లారీ డ్రైవరు. వాళ్ళక్క ఇంట్లో మూడు కుక్కలున్నాయి. నిన్నటి నుంచి ట్వైలా కళ్ళ ముందు ఆ కుక్కలే తిరుగుతున్నాయి.

ఆమె తీరే అంత. వీధిలో సైరన్ మోగితే తన ఇల్లే తగలబడిందనుకుంటుంది. పిల్ల గొంతులో ఇరుక్కుంటుందని ద్రాక్షపండుని నాలుగు ముక్కలు కోసి పెడుతుంది. ఇంతవరకూ ఆమె భయపడ్డదేదీ జరగలేదు. ఆమె మాట ఎవరూ పట్టించుకోకపోవడానికి కారణం కూడా అదే.

ఫిబ్రవరిలో ఒక రోజు చెప్పాపెట్టకుండా కూతురింటికి వెళ్ళింది. బ్రియెల్ పడుకునే గదిలో బట్టలు వేలాడదీసే చిన్న గది ఒకటి ఉంది. దాని తలుపుకి బయటి వైపు కొత్త గడియ కనిపించింది. తీసి చూస్తే లోపల ఒక దుప్పటి, ఉచ్చ కంపు, తలుపు అడుగున రంగు పెన్సిళ్ళ గీతలు. ఇంటికి రాగానే పిల్లల సంక్షేమ ఆఫీసుకి ఫోన్ చేసింది. వాళ్ళు తీరిగ్గా తొమ్మిది రోజులకి వచ్చారు. అప్పటికి గడియ లేదు, నాలుగు మేకుల చిల్లులున్నాయి. చిల్లుల మీద కేసు పెట్టలేమన్నారు. ఆ రోజు నుంచి మిస్టీ తల్లికి పిల్లని చూపించలేదు. పైగా రాండీ మచ్చలేనివాడని లోకానికి చాటాలని, ఇంటి తగాదాల్ని జనం ముందు తేల్చే టీవీ షో వాళ్ళకి ఉత్తరం రాసింది.

టీవీ వాళ్ళు మాత్రం తొమ్మిది రోజులు ఆగలేదు. ఉత్తరం అందిన మర్నాడే ఫోన్ చేశారు. విమానం టిక్కెట్లు, హోటలు, భోజనం కూపన్లు అన్నీ వాళ్ళవే. తల్లీకూతుళ్ళు ఎదురుపడకుండా వేరే వేరే అంతస్తుల్లో దింపి, వేరే వేరే గుమ్మాల్లోంచి నడిపించారు. తిట్టుకోవలసిందంతా స్టేజి మీదే తిట్టుకోవాలి కదా, దారిలో ఒలికిపోతే ఎలా!

ట్వైలాని అప్పగించింది షోలో పనిచేసే కెండల్ అనే పాతికేళ్ళ పిల్లకి. గడియ కథంతా విని ఆ పిల్ల పెదవి విరిచింది.

"గడియంటే జనానికి పట్టదు ట్వైలా గారూ. మనల్ని చూసేవాళ్ళు బట్టలు మడతపెట్టుకుంటూ చూస్తారు. 'కొట్టాడు' అనండి. ఒక్క మాట, సరిపోతుంది."

"కొట్టగా నేను చూళ్ళేదు కదమ్మా."

"గడియ పెట్టేవాడు కొట్టడంటారా? మీ మనసుకి ఏమనిపిస్తోంది?"

ట్వైలా మనసుకి ఎప్పుడు చూసినా ఘోరమే అనిపిస్తుంది. "కొట్టే ఉంటాడు" అంది.

"అదీ!" అని కెండల్ అట్ట మీది కాగితంలో రాసుకుంది.

స్టేజి మీద బ్రియెల్ బడి ఫొటోని గోడంత చేసి నిలబెట్టారు. ముందుపన్ను ఊడిన నోటితో పిల్ల నవ్వుతోంది. ఎదురుగా రెండొందల మంది జనం. ఎప్పుడు చప్పట్లు కొట్టాలో, ఎప్పుడు "ఛీ" అనాలో ఒకడు వాళ్ళకి అరగంట నేర్పి, బాగా అరిచినవాళ్ళకి టీషర్టులు విసిరి వెళ్ళాడు. ఒకళ్ళ ఇంటి ఏడుపు చూడటానికి పనులు మానుకుని వరసలో నిలబడ్డ మనుషులు మరి, బాగానే నేర్చుకున్నారు. రాండీ రాగానే "ఛీ" అని హోరెత్తించారు.

"అత్తగారూ, టీవీకి ఎక్కారుగా! ఇక నిద్ర పడుతుందా?" అన్నాడు రాండీ.

"పెళ్ళాడాక అను, అత్తా గిత్తా అని! రెండేళ్ళ నుంచి ఊరికే తిని పడుకుంటున్నావు."

"మా అమ్మకి దోమ కుడితే కేన్సరండీ" అంది మిస్టీ, జనం వైపు తిరిగి. "నాకు పదహారేళ్ళప్పుడు దగ్గొస్తే శవపేటిక బేరమాడి వచ్చింది."

జనం విరగబడి నవ్వారు. గ్రాంట్ విక్స్ మాత్రం నవ్వలేదు. షో నడిపేది అతనే. బాధ పడవలసి వచ్చినప్పుడల్లా వచ్చి స్టేజి మెట్ల మీద కూర్చుంటాడు. ఇప్పుడూ కూర్చున్నాడు.

"ఇతను పసిదాన్ని కొట్టాడంటారు. అంతేనా అమ్మా?"

ట్వైలా గోడ మీది ఊడిన పన్ను కేసి చూసింది. "కొట్టాడు" అంది.

విక్స్ కవరు చించాడు. నిన్న హోటల్లో రాండీ వేళ్ళకి తీగలు చుట్టి, అబద్ధాలు పట్టే యంత్రంతో పరీక్ష చేశారు. "బ్రియెల్‌ని ఎప్పుడైనా కొట్టావా అని అడిగితే లేదన్నావు. యంత్రం ఏం చెప్పిందంటే..." అని ఒక సబ్బు ప్రకటన పట్టేంత సేపు ఆగాడు. "నువ్వు చెప్పింది నిజం!"

ఇందాక ఛీ అన్న నోళ్ళే జేజేలు కొట్టాయి. రాండీ మోకాళ్ళ మీద జారుతూ స్టేజి ఈ చివర నుంచి ఆ చివరికి పోయాడు. "సారీ చెప్పు! సారీ చెప్పు!" అని జనం కాళ్ళతో తాళం వేశారు.

"గడియ సంగతి అడగండి!" అని ట్వైలా అరిచింది. "బట్టల గది గడియ!"

"ఏం గడియ?" అన్నాడు రాండీ, మోకాళ్ళ మీదే ఆగి. "ఏమంటోందే మీ అమ్మ? నేను కొట్టానని ఫోన్ చేసిందన్నావుగా?"

మిస్టీ ఒళ్ళో చేతుల కేసి చూసుకుంది. విక్స్ వచ్చి ట్వైలా భుజం తట్టి, "ఈ పగ వదిలేయండమ్మా" అన్నాడు. ఆ వెంటనే తర్వాతి కుటుంబానికి కుర్చీలు తెచ్చారు.

రెండు రోజులు అంతస్తులు మార్చి దాచినవాళ్ళు, పనైపోయాక అందరినీ ఒకే వ్యానులో ఎక్కించి ఎయిర్‌పోర్టుకి పంపేశారు. ఇప్పుడు ఒకళ్ళనొకళ్ళు పీక్కుతిన్నా వాళ్ళకేం? రాండీ ముందు సీట్లో చెవుల్లో పాటలు పెట్టుకుని ఊగుతున్నాడు. వెనక సీట్లో తల్లీ, కూతురూ.

ట్వైలాకి తన మీద తనకే అసహ్యం వేసింది. కళ్ళతో చూసిన గడియని కెండల్ ఒక్క మాటకి వదిలేసి, చూడని దెబ్బకి సాక్ష్యం చెప్పింది. ఇక గడియ మాట ఎవరికి చెప్పినా వింటారా?

"రాండీకి గడియ సంగతే తెలీదు" అంది నెమ్మదిగా. "మరి ఎవరు పెట్టారే?"

మిస్టీ తడి కాగితంతో మేకప్ తుడుచుకుంటోంది. ఒక చెంప తుడిచింది, రెండో చెంప తుడిచింది. తుడవడానికేమీ మిగలకపోయినా తుడుస్తూనే ఉంది. టోల్ గేటు దాటింది, వంతెన దాటింది. ట్వైలాకి జీవితంలో మొదటిసారి, ఎదర వచ్చే ఘోరం ఏమిటో ఊహించడానికే ధైర్యం చాలలేదు. విమానాల రెక్కలు కనిపిస్తుండగా మిస్టీ కాగితాన్ని ఉండ చేసి గుప్పిట్లో బిగించింది.

"రాండీ లారీ మీద పోయినప్పుడే. నా పొద్దున షిఫ్టు నాలుగ్గంటలసేపే" అంది. "లోపల లైటు వేసే వెళ్ళేదాన్నమ్మా."