రెండు ఇంజన్లకు ఒకే చెయ్యి

విమానాలు బాగుచేసే నా మనవరాలు జ్యోతిలక్ష్మి రెండు రోజుల సెలవు మీద రేపల్లె వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచి సరిగ్గా అన్నం తినలేదు. ఒక ఇంజనుకు ఆయిల్ ఫిల్టర్ మార్చి, రెండోదాన్ని ముట్టుకోనందట. ఇంకో మనిషి వచ్చేదాకా విమానం నాలుగు గంటలు ఆగిపోయింది. క్షమాపణ రాసివ్వకపోతే ఉద్యోగం పోతుందని ఆఫీసరు బెదిరించాడు.

నాకు భయం పట్టుకుంది. "రాసిచ్చెయ్యవే తల్లీ. ఇంత చదివి ఇంట్లో కూర్చుంటావా?"

"ఏమని రాయను అమ్మమ్మా? గంటల తరబడి సముద్రం మీద పోయే విమానం. ఒక ఇంజను ఆగితే రెండోదే దిక్కు. ఒకే మనిషి రెండింటికీ అదే పని చేస్తే, చేసిన తప్పు రెండింట్లోనూ ఉంటుంది. అందుకే చెయ్యకూడదని రూలు."

"అబ్బో, పెద్ద రూలు! ఎలాగూ చెయ్యి పెట్టావు, రెండోది కూడా చేసేస్తే పోయేదిగా!"

వరండాలో కూర్చున్న మా తమ్ముడు పోలయ్య తలెత్తి నావైపు చూశాడు. ముప్పై ఏళ్లుగా నేను భయపడుతున్నది ఆ చూపుకే.

అప్పట్లో వాడు నిజాంపట్నం రేవులో బోటు మెకానిక్కు. మా ఆయన బోటు, మా మరిది బోటు జంటగానే వేటకు వెళ్లేవి. ఒకటి చెడితే రెండోది తాడు కట్టి లాక్కొచ్చేది. ఆ సాయంత్రం ఒక బోటు ఇంజనుకు ఆయిల్ మార్చి బిగించి, "కళ్లు మూతలు పడుతున్నాయక్కా, రెండోది రేపు చూస్తా" అన్నాడు. అప్పుడూ నేను ఈ మాటే అన్నాను. వాడు ఆ రాత్రే రెండోదీ బిగించాడు. పొద్దున్నే రెండు బోట్లూ వెళ్లాయి. రెండూ తిరిగి రాలేదు. పదకొండు రోజులు రేవులో నిలబడ్డాను. అప్పటినుంచి ఎవరు ప్రయాణమైనా, వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా చూడలేను.

"రాయొద్దమ్మా" అన్నాడు పోలయ్య. "వాళ్లు వెళ్లిన మర్నాడు నా పనిముట్ల డబ్బా తెరిస్తే, ఆయిల్ కారకుండా వెయ్యాల్సిన రెండు కొత్త వాషర్లూ అందులోనే ఉన్నాయి. రెండు ఇంజన్లకీ పాతవే బిగించేశాను. ఆయిలంతా కారిపోయి రెండూ నడిసముద్రంలో ఆగిపోయుంటాయి."

ఆ సంగతి నాకూ చెప్పలేదు వాడు, ఇన్నేళ్లూ.

"అంత తొందరేంటి తాతా? మర్నాడు చెయ్యొచ్చుగా?"

"నాదే తొందర" అన్నాడు, నావైపు చూడకుండా.

అక్కడితో నేను ఊరుకోవచ్చు.

"కాదే జ్యోతీ. వాడు రేపు చేస్తానన్నాడు. నేనే వినలేదు."

 జ్యోతి ఫోను తీసి ఆఫీసరుతో, "రాయనండి సార్" అంది. అవతల అతను అరుస్తున్నది నాకు వినబడుతూనే ఉంది. భయం తగ్గలేదు. రాసిచ్చెయ్యమని మాత్రం మళ్లీ అనలేదు.