మింగిన ఇంచి

పని మానేసిన మూడో రోజు, మధ్యాహ్నం భోజనం మధ్యలో లేచి నిలబడి మా ఆయన వైపు చూస్తూ, "ఒక్కసారి బాత్రూంకి వెళ్లొస్తాను" అన్నాను.

ఆయన నములుతున్నది ఆపి, "వెళ్లు. దానికి నాతో చెప్పడమెందుకు?" అన్నారు.

మా ఆడపడుచు మాత్రం వదల్లేదు. "అన్నయ్యా, బిళ్ల ఇవ్వు. బిళ్ల లేకుండా ఎలా వెళ్తుంది పాపం!"

బిళ్ల సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. నేను పదకొండేళ్లు కటింగ్ చేసిన కుట్టు షాపులో తొమ్మిది మంది ఆడవాళ్లకి కలిపి అరచేతి వెడల్పున ఒక చెక్క బిళ్ల ఉండేది. యజమానురాలి కుర్చీ పక్కన మేకుకి వేలాడేది. బాత్రూంకి వెళ్లాలంటే దాన్ని ఆవిడ చేతుల మీదుగా తీసుకోవాలి. ఇస్తూ గోడ గడియారం వైపు ఒక చూపు చూసేది. తిరిగొచ్చి ఇస్తుంటే మళ్లీ ఇంకో చూపు. ఒకరి దగ్గర బిళ్ల ఉంటే మిగతా ఎనిమిది మందీ ఓర్చుకోవాలి. ఆ బిళ్ల మీద ఆవిడే స్వయంగా ఒక పువ్వు బొమ్మ వేసింది. అందం తెలిసిన మనిషి.

ఆవిణ్ణి మేమంతా "అక్కా" అని పిలవాలి. అది షాపు నియమం. "మేడమ్ అంటే దూరంగా ఉంటుంది, ఇది షాపు కాదు, కుటుంబం" అనేది. నాకన్నా ఆరేళ్లు చిన్నది. నలభై దాటినదాన్ని, తెల్లవెంట్రుకలు చెవుల వెనక్కి తోసుకుంటూ, ఆ పిల్లని పదకొండేళ్లు అక్కా అని పిలిచాను. అక్క లోపలికొస్తే అందరం లేచి నిలబడాలి. పని చేస్తూ కూనిరాగం తీయకూడదు. సోమవారం పొద్దున్నే వరసగా నిలబడి, ఈ షాపు వల్ల మన జీవితంలో జరిగిన మంచి ఏమిటో తలా ఒకటి చెప్పాలి. తొమ్మిది మందీ చెప్పాక చప్పట్లు. కాజాలు కుట్టే ఆవిడ ఏడాది పొడుగునా "ఓపిక నేర్చుకున్నానక్కా" అనేది. అక్క ప్రతిసారీ మురిసిపోయేది.

ఇంక ఆ టేపు. వాళ్లమ్మ వాడిన టేపట, కలిసొచ్చిన టేపట. దాన్ని మెళ్లో హారంలా వేసుకుని తిరిగేది. వచ్చిన వాళ్లకి కొలతలు ఇంకెవరూ తీయడానికి వీల్లేదు, ఆ టేపుతో ఆవిడే తీసి పుస్తకంలో రాయాలి. ఆ పుస్తకం చూసి నేను బల్ల మీద చెక్క స్కేలుతో గుడ్డ కోయాలి. అంతా బాగానే ఉంది, ఒక్కటి తప్ప. టేపు మొదట్లో ఉండాల్సిన ఇనప ముక్క ఎప్పుడో ఊడిపోయింది. దాంతోపాటు మొదటి ఇంచీ చిరిగిపోయింది. ఆ టేపు ఒకటి నుంచి మొదలవుతుంది. ముప్ఫై ఇంచీల నడుము దాని మీద ముప్ఫై ఒకటి చూపిస్తుంది.

నాకు ముందు అక్కడ కటింగ్ చేసిన పెద్దావిడ, మానేసి వెళ్తూ, చెవిలో ఒకే ఒక్క మాట చెప్పింది: "పుస్తకంలో రాసిన ప్రతిదాంట్లోంచీ ఒక ఇంచి మింగెయ్."

నేను కొత్త కదా, మింగడం దేనికి, చెప్పేస్తే పోలా అనుకున్నాను. మొదటి నెలలోనే చెప్పాను. అక్క నవ్వి, "నా షాపులో ఇంచి ఎంతో నేను చెప్తాను" అంది. సరేనని మింగడం మొదలుపెట్టాను. భుజానికొకటి, చేతికొకటి, నడుముకొకటి, మెడకొకటి. బట్టలు ఒంటికి అతికినట్టు వచ్చేవి. వచ్చినవాళ్లు ఆవిడ కొలతని మెచ్చుకునేవారు. ఆవిడ మెళ్లో టేపు సవరించుకునేది.

నేను మానేసింది ఒక సోమవారం. నా వంతు వచ్చింది. ఈ షాపు వల్ల జరిగిన మంచి చెప్పమంది. ఎంత వెతికినా ఆ పూట ఒక్కటీ దొరకలేదు. నోట్లోంచి వేరేది వచ్చింది. "టేపు మార్చండక్కా."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అక్క మొహం ఎర్రబడింది. "నచ్చకపోతే తలుపు అక్కడుంది" అంది.

చూశాను. నిజంగానే అక్కడే ఉంది. పదకొండేళ్లుగా అక్కడే ఉన్నట్టుంది. నడిచి బయటికొచ్చేశాను. నా తర్వాత వచ్చేవాళ్లకి ఇంచి సంగతి చెప్పే అవకాశం కూడా లేకపోయింది.

ఇప్పుడు మా ముందుగది కిటికీ దగ్గర నా మిషను ఉంది. వీధిలో వాళ్లు చిన్న చిన్న పనులు తెస్తారు. జిప్పు మార్చడం, నడుము వదులు చేయడం, పొడుగు ప్యాంటు కాళ్లు మడిచి కుట్టడం. కొలతలు నేనే తీస్తాను, మొదటి ఇంచి ఉన్న టేపుతో. పాడుకుంటాను. నా గొంతు అంత బాగుండదని ఈ రెండు నెలల్లోనే తెలిసింది, ఇదివరకు వినే వీలు లేక. టీ వేడిగా ఉండగానే తాగుతాను. ఇంత చిన్న విషయాలకి మనిషి ఇంత సంతోషపడొచ్చని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేదాన్ని.

కానీ లోపల ఒక పురుగు తొలిచేది. దాన్ని పెట్టింది మా ఆడపడుచే.

"ఆవిడ గుమ్మంలోకొచ్చి ఒక్క పిలుపు పిలిస్తే చాలు వదినా, చెప్పుల్లో కాళ్లు పెట్టేస్తావు. రాసిస్తాను కావాలంటే" అంది ఒకరోజు.

"నోర్ముయ్" అన్నాను.

కోపం ఎందుకొచ్చిందంటే, నాకూ అదే భయం. ఫోన్ మోగితే అప్పటికీ నా చెయ్యి జుట్టు సర్దుకునేది. వీధిలో ఆవిడలాంటి గొంతు వినిపిస్తే కాలు మిషను పెడల్ మీద ఆగిపోయేది. ఆవిడకి పదకొండేళ్లలో ఒక్కసారి కూడా 'రాను' అని కానీ 'కాదు' అని కానీ చెప్పలేదు నేను. బయటికి నడిచింది కూడా ఆవిడ తలుపు చూపించాకే కదా.

ఒక గురువారం మధ్యాహ్నం ఆవిడ రానే వచ్చింది. ముందు ఆవిడ, వెనక రెండు పెద్ద సంచులతో ముప్ఫై అయిదేళ్ల ఒకావిడ. నా స్థానంలో చేరిన కొత్త కటింగ్ ఆవిడ అని చూడగానే తెలిసిపోయింది. సంచులు కింద పెట్టమని ఎవరూ చెప్పలేదని మోస్తూనే నిలబడింది.

నేను లేచి నిలబడ్డాను.

కావాలని కాదు. కాళ్లు వాటంతటవే లేచాయి. నేను లేవగానే ఆవిడ వచ్చి నా కుర్చీలో, నా మిషను ముందు, కూర్చుంది. లోపలి గుమ్మంలో నిలబడ్డ మా ఆడపడుచు అంతా చూసింది. 'చూశావా' అని దాని మొహమే అంది.

"ఏమ్మా, బాగా చిక్కిపోయావ్" అంది యజమానురాలు. రెండు నెలల్లో నేను మూడు కిలోలు పెరిగాను.

"నువ్వు వెళ్లిపోయాక కుటుంబంలో ఒకళ్లు లేనట్టే ఉంది. ఇదిగో, ఈవిడ చేసిన నిర్వాకం చూడు" అని సంచిలోంచి ఒక కోటు లాగింది. "హోటల్ వాళ్ల ఆర్డరు. ముప్ఫై రెండు కోట్లు. ఒక్కొక్కళ్లకీ నేను స్వయంగా కొలతలు తీశాను. రాసింది రాసినట్టు కోయమన్నాను. కోసింది! రిసెప్షన్‌లో నిలబెడితే ముప్ఫై రెండు మందీ వాళ్ల నాన్నల కోట్లు వేసుకొచ్చిన పిల్లల్లా ఉన్నారట. మేనేజరు నా మొహం మీదే నవ్వాడు."

"రాసింది రాసినట్టే కోశానక్కా" అంది కొత్తావిడ మెల్లిగా.

"నువ్వు మాట్లాడకు." మళ్లీ నా వైపు తిరిగింది. "ఇవి సరిచేసిపెట్టు. సోమవారం నుంచి వచ్చెయ్. ఈవిణ్ణి ఇవాళే పంపించేస్తాను. నీ బల్ల అలాగే ఉంది. కావాలంటే నీకోసం ప్రత్యేకంగా ఇంకో బిళ్ల చేయిస్తాను. నీ ఒక్కదానికే. ఎవరి కోసమూ ఆగక్కర్లేదు."

లోపలి గుమ్మంలో మా ఆడపడుచుకి పొలమారింది.

నా చూపు గుమ్మం పక్కనున్న చెప్పుల మీదికి వెళ్లింది. అబద్ధం చెప్పను, కాలి బొటనవేలు కదిలింది కూడా. నోరు తెరిస్తే 'సరే అక్కా' అని వచ్చేస్తుందేమోనని పళ్లు బిగించి నిలబడ్డాను. తల తిప్పితే కొత్తావిడ కనిపించింది. సంచి పట్టీ వేళ్లని కోస్తోంది, వేళ్లు తెల్లబడ్డాయి. షాపులో నా బల్ల దగ్గరికొచ్చి, నేను చెప్పకుండా వదిలేసిన ఇంచికి తిట్లు తింటున్న మనిషి.

"సంచులు కింద పెట్టమ్మా" అన్నాను. పెట్టింది.

"ఆ టేపు ఒకసారి ఇలా ఇవ్వండి" అన్నాను యజమానురాలితో.

"ఎందుకు?"

"ఇవ్వండి."

ఏ మూడ్‌లో ఉందో, తీసి ఇచ్చింది. మిషను బల్ల మీద నా టేపు పరిచాను. దాని పక్కన ఆవిడ టేపు పరిచాను. రెండింటి మొదళ్లూ సమానంగా పెట్టి పట్టుకున్నాను. నా టేపు మీద పది ఉన్న చోట ఆవిడ టేపు మీద పదకొండు ఉంది.

కొత్తావిడ వంగి చూసింది. "అయ్యో, ఇందులో మొదటి ఇంచే లేదు!" అంది. వెంటనే సంచుల వైపు చూసి, "ముప్ఫై రెండు మందికీనా!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"మరి ఇన్నేళ్లూ అన్నీ సరిగ్గా ఎలా వచ్చాయి?" అంది యజమానురాలు.

"ప్రతిదాంట్లో ఒక ఇంచి నేను తీసేసి కోసేదాన్ని."

"నాకు చెప్పాలా వద్దా?"

"మొదటి నెలలో చెప్పాను. మానేసిన రోజూ చెప్పాను."

ఆవిడ రెండు టేపుల వైపూ మార్చి మార్చి చూసింది. ఏదో ఒకటి అంటుందని నాకు తెలుసు. తప్పయిందని కాదు, అంత ఆశ నాకు లేదు. కానీ అన్నది విన్నాక ఎందుకో ఒళ్లంతా తేలికైపోయింది.

"నీ టేపే తప్పు" అంది. "ఇప్పుడొచ్చే టేపులన్నీ ఇంతే. సాగిపోతాయి."

నేనింతకాలం భయపడింది ఈ మనిషికా? మొదటి ఇంచి లేని టేపు మెళ్లో వేసుకుని, లోకంలో ఉన్న టేపులన్నీ తప్పనే ఈవిడకా, నేను బాత్రూం ఓర్చుకుంది? సిగ్గేసింది. తర్వాత నవ్వొచ్చింది.

"అమ్మాయీ, లే" అన్నాను. "అది నా కుర్చీ."

ఆవిడ ఎవరినో అంటున్నాననుకుని వెనక్కి తిరిగి చూసింది. వెనక గోడ తప్ప ఏమీ లేదు.

"నిన్నే. లే. నాకు పనుంది."

లేచింది. టేపు లాక్కుని మెళ్లో వేసుకుంది. "కుటుంబం అనుకున్నాను, విశ్వాసం లేని మనుషులు" అంటూ గుమ్మం దాటింది. బయట నుంచి "పద" అని కొత్తావిణ్ణి పిలిచింది.

కొత్తావిడ కదల్లేదు. "మీరు పదండక్కా, వస్తాను" అని, నా వైపు తిరిగి గొంతు తగ్గించి, "మీ ఇంట్లో బాత్రూం ఎటండీ?" అని అడిగింది.

"రెండో తలుపు" అన్నాను. "తొందరేం లేదు."

వీధిలో కారు పక్కన యజమానురాలు చేతి గడియారం చూసుకుంటోంది. మళ్లీ చూసుకుంది. లోపల కొత్తావిడ నిదానంగా ముఖం కూడా కడుక్కుని వచ్చింది. మా ఆడపడుచు ఇచ్చిన మంచినీళ్లు పూర్తిగా తాగింది.

"రేపు వెళ్తానో లేదో తెలీదు కానీ, ఈ కోట్లు మాత్రం విప్పి సరిచేసి వెళ్తానండీ. హోటల్ పిల్లలేం పాపం చేశారు" అంది.

"ఒక్కో కొలతకీ ఒక ఇంచి తగ్గించు. మెడ దగ్గర చూసుకుని విప్పు, అక్కడ గుడ్డ తక్కువుంటుంది. ఇంకో మాట, మింగకు. అందరూ వినేలా పైకి చెప్పి తగ్గించు."

తలూపి, సంచులు తీసుకుని, గడియారం వైపు చూస్తున్న మనిషి దగ్గరికి ఏ తొందరా లేకుండా నడిచి వెళ్లింది.

నేను కూర్చున్నాను. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది. అది కాస్త చిరాకనిపించి, లేచి, దిండు తిరగేసి మళ్లీ కూర్చున్నాను. ఎవరిదో ప్యాంటు కాలు మడిచి సూది కింద పెట్టాను.

మా ఆడపడుచు గుమ్మానికి ఆనుకుని నిలబడే ఉంది.

"లేచావుగా వదినా, ఆవిడ రాగానే."

"లేచాను."

"నేను చెప్పలా?"

"చెప్పావు. ఇప్పుడు కూర్చున్నానా లేదా?"

అది నన్నూ కుర్చీనీ ఎగాదిగా చూసి, "కూర్చున్నావులే" అంది. "ఇంక పాడకు, దండం పెడతాను."

పాడాను.